మన గుడియాత్తం జూడో రత్నం గారు – ఒక ఫైటర్ జ్ఞాపకాలు

(ఆలంగాయంలో జరిగిన విద్యార్థి ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో డాక్టరు గారో, కాలేజీ ప్రిన్సిపాలు గారో, రిటైరైన పెద్ద ఆఫీసరు గారో మాట్లాడతారు. ఈసారి పదో తరగతితో చదువు ఆపేసిన నన్ను పిలిచారు. కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, "సారూ, ఎవరికో చేయబోయి నాకు చేసినట్టున్నారు" అన్నాను. "లేదన్నా, నీకే చేసినాను. ఈసారి నువ్వు మాట్లాడాల్సిన పని ఉంది" అన్నారు. ఆ పని ఏమిటో చివర్లో చెప్తాను.

నేను సినిమాల్లో ఫైటర్‌ని. హీరో గుద్దితే ఎగిరి బల్ల మీద పడి, బల్ల విరిగి, కింద దొర్లిపోయేవాళ్లలో ఒకణ్ణి. 1986 నుంచి 2001 వరకు పదిహేనేళ్లు మద్రాసులో ఆ పని చేశాను. నా ముఖం మీలో ఎవరికీ గుర్తుండదు. నాలుగైదు సినిమాల్లో హీరోలకు డూపుగా కూడా దూకాను. అక్కడైతే ముఖం కనబడితే ఆ షాటే పనికిరాదు. పాత సినిమాల టైటిల్స్‌లో "స్టంట్స్: ఫలానా మాస్టర్ అండ్ పార్టీ" అని పడేది. ఆ "పార్టీ" మేమే.

నా సంగతి అలా ఉంచి, ముందు మన ప్రాంతపు పెద్దమనిషి ఒకరి గురించి చెప్పాలి. ఇప్పుడు మనం తిరుపత్తూరు జిల్లా అయ్యాం గానీ, 2019 వరకు ఆలంగాయం, వాణియంబాడి, ఆంబూరు, గుడియాత్తం అన్నీ వేలూరు జిల్లానే. ఆ గుడియాత్తం అనగానే మనకు లుంగీలు, అగ్గిపెట్టెలు, గంగమ్మ జాతర గుర్తుకొస్తాయి. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి అయ్యాక ఉప ఎన్నికలో గెలిచింది అక్కడి నుంచే అని పెద్దవాళ్లు చెప్తారు. కానీ కోడంబాక్కంలో మా ఫైటర్లకు గుడియాత్తం అంటే ఒక్కటే గుర్తు. అది జూడో కె.కె. రత్నం గారి ఊరు.

రత్నం గారు 1930లో పుట్టారు. 1959లో వచ్చిన 'తామరైక్కుళం' అనే తమిళ సినిమాలో నటుడిగా తెర మీదకు వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు దగ్గర పడుతున్నాయి. స్టంట్ మాస్టరుగా పేరు పడింది 1966లో, సేలం మోడరన్ థియేటర్స్ వారి 'వల్లవన్ ఒరువన్'తో. జైశంకర్ హీరో. ఆయన్ని దక్షిణాది జేమ్స్‌బాండ్ అనేవారు. అంతకు ముందు మన సినిమాల్లో పోట్లాట అంటే కత్తియుద్ధం, కర్రసాము, కుస్తీ. గూఢచారి సినిమాలు వచ్చాక చేతులతో, కాళ్లతో కొట్టుకునే కొత్త పద్ధతి కావలసి వచ్చింది. అక్కడ రత్నం గారి పేరు ముందున్న 'జూడో' పనికొచ్చింది.

1980లో ఏవీఎం వారి 'మురట్టుక్కాళై' వచ్చింది. రజనీకాంత్ హీరో, ఎస్.పి. ముత్తురామన్ దర్శకుడు. అందులో రైలు ఫైటు రత్నం గారిదే. ఇక్కడ యాభై దాటినవాళ్లు తల ఊపుతున్నారు, చూశారన్నమాట. రజనీకాంత్‌తోనే ఆయన నలభైకి పైగా సినిమాలు చేశారు. కమలహాసన్ 'సకలకళా వల్లవన్', కుంగ్‌ఫూ మీద నడిచే 'పాయుం పులి', ఇలా చెప్పుకుంటూ పోతే ఈ పూట చాలదు. 1992లో వచ్చిన 'పాండియన్' దాకా పనిచేశారు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, హిందీ అన్నీ కలిపి 1200 సినిమాలకు పైగా ఫైట్లు కట్టారని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. తమిళనాడు ప్రభుత్వం కలైమామణి బిరుదు ఇచ్చింది.

నా దృష్టిలో ఆ 1200 కన్నా పెద్ద లెక్క ఇంకొకటి ఉంది. ఆయన దగ్గర పని నేర్చుకుని తర్వాత తామే మాస్టర్లయినవాళ్లు. విక్రమ్ ధర్మా, సూపర్ సుబ్బరాయన్, రాంబో రాజ్‌కుమార్, జాగ్వార్ తంగం, మన పక్క ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టుకున్న ఆంబూర్ ఆర్.ఎస్. బాబు. వీళ్ల దగ్గర మళ్లీ ఎందరో. ఒక్క మనిషి పాఠం అలా నాలుగు భాషల సినిమాల్లోకి పాకింది. నేను ఆయన పార్టీలో పనిచేయలేదు, ఆ అదృష్టం లేదు. నాకు నేర్పినవాళ్లకు నేర్పినవాళ్లలో ఆయన ఉన్నారు, అంతే. 2023 జనవరి 26న గుడియాత్తంలో కన్నుమూశారు. వడపళనిలో స్టంట్ యూనియన్ ఆఫీసులో ఆయన దేహాన్ని ఉంచినప్పుడు రజనీకాంత్ గారు వచ్చి నివాళి అర్పించారు. ఆ వార్త టీవీలో చూస్తున్నప్పుడు మా ఆవిడ, "నువ్వు కూడా లేచి నిలబడినావే" అంది. నాకు తెలియకుండానే నిలబడ్డాను.

ఇక జూడో సంగతి. 1882లో జపాన్‌లో జిగోరో కానో అనే ఆయన మొదలుపెట్టిన విద్య ఇది. ఆయన బడిపంతులు కూడా. జూడోలో మొదటి పాఠం ఎదుటివాణ్ణి పడేయడం కాదు, తాను పడటం. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం నేలకు తగులుతుంది. చేతులు చాచి అరచేతులతో నేలను కొట్టాలి, దెబ్బ ఒక్కచోట దిగకుండా పంచుకుంటుంది. మా ఫైటర్ల చదువు కూడా అక్కడే మొదలు. నాకు పని నేర్పిన ఆయన మొదటి మూడు నెలలు ఒక్క గుద్దు కూడా నేర్పలేదు. పొద్దున్నే బీచిలో ఇసుక మీద పడటం, లేవడం, పడటం, లేవడం. "మామా, కొట్టేది ఎప్పుడు?" అని అడిగితే, "కొట్టేది హీరో, నీ పని పడేది" అనేవాడు.

ఇక్కడ ప్లస్ టూ సైన్సు పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక లెక్క చెప్తాను. ఇది నాకు నా కూతురు నేర్పిన లెక్క, పదిహేనేళ్లు చేసిన పని లోపల ఏముందో నాకు అప్పటిదాకా తెలియదు. ఇరవై అడుగుల ఎత్తు నుంచి మనిషి దూకితే కిందకు చేరడానికి ఒక సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. తగిలేటప్పుడు వేగం గంటకు సుమారు 39 కిలోమీటర్లు. పరుగెత్తే మోపెడ్ గోడకు కొట్టుకున్నట్టే. మరి మేము ఎలా బతికాం? కింద ఖాళీ అట్టపెట్టెలు వరసలుగా పేర్చి, చుట్టూ తాడు కట్టి, మీద పరుపులు వేస్తారు. పడగానే పెట్టెలు నలిగి, లోపలి గాలి బయటకు పోతూ మనిషిని నెమ్మదిగా ఆపుతాయి. నాలుగు అడుగుల దూరంలో ఆగితే, ఇరవైని నాలుగుతో భాగించండి: శరీరం మీద దెబ్బ మన బరువుకు సుమారు ఐదు రెట్లు. తట్టుకోవచ్చు. అదే గట్టి నేల మీద రెండు అంగుళాల్లో ఆగిపోతే 120 రెట్లు. చంపేది ఎత్తు కాదు, ఆగే దూరం తక్కువ కావడం. ఈ భాగహారం గుర్తుపెట్టుకోండి, కాసేపటికి మళ్లీ పనికొస్తుంది.

గుద్దుల సంగతి కూడా అందరూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. తగలదు. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో పోతుంది. కెమెరా ఎదుటివాడి భుజం వెనక ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ మీకు కనబడదు. అసలు నటించేది దెబ్బ తిన్నవాడే. ఒక్క క్షణం ముందు తల తిప్పితే నవ్వొస్తుంది, ఒక్క క్షణం ఆలస్యమైతే పళ్లూడతాయి. చప్పుడు తర్వాత థియేటర్లో కలుపుతారు.

నేను ఈ పనిలోకి ఎలా వెళ్లానంటే, మురట్టుక్కాళై వాణియంబాడిలో చూశాను. అప్పటికి పదో తరగతి. మా నాయన వేరుశనగ వేసేవాడు, రెండేళ్లు వానల్లేవు. 1983లో ఇంట్లో చెప్పకుండా జోలార్‌పేటలో రైలెక్కాను. చెప్పకుండా వెళ్లడం గొప్ప సంగతి కాదు, మా అమ్మ నెల రోజులు తిండి తినలేదని తర్వాత తెలిసింది. మూడేళ్లు హోటల్లో బల్లలు తుడుస్తూ, పొద్దున్నే బీచిలో పడుతూ లేస్తూ గడిపితే యూనియన్ కార్డు దొరికింది. కార్డు లేకపోతే సెట్లోకి రానివ్వరు. నాకు తెలుగు రావడం కలిసొచ్చింది. అప్పుడింకా వాహినీలో, ప్రసాద్‌లో తెలుగు షూటింగులు చాలా జరిగేవి. డైరెక్టరు చెప్పింది నేరుగా అర్థమయ్యే ఫైటరు ఆ యూనిట్లకు అవసరం. ఇంట్లో మనం మాట్లాడుకునే తెలుగు నాకు అన్నం పెట్టింది. తర్వాత తెలుగు సినిమా చాలావరకు హైదరాబాదుకు తరలిపోవడంతో పని తగ్గింది.

పని ఉంటే నెలకు పది రోజులు, లేకపోతే నాలుగు రోజులు. బేటా, కూలీ కలిపి మద్రాసు అద్దెకు, ఊరికి పంపడానికి సరిపోయేది. సంతోషం లేదని చెప్పను. ఒక పెద్ద షాటు మొదటి టేకులో సరిగ్గా వస్తే యూనిట్ మొత్తం చప్పట్లు కొడుతుంది. లైట్‌బాయ్ దగ్గర నుంచి హీరో దాకా. ఆ చప్పట్లు సినిమా హాల్లో హీరోకి పడతాయి, సెట్లో మాత్రం మావే. అది తెలిసినవాడు ఆ పని మానలేడు.

2001లో అవుట్‌డోర్‌లో ఒక మేడ మీద నుంచి దూకే షాటు. సినిమా పేరు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. మొదటి టేకు బాగా వచ్చింది. కెమెరా చోటు మార్చి ఇంకోటి తీద్దామన్నారు. మొదటిసారి పడ్డప్పుడు పెట్టెలు నలిగిపోయాయి కదా, వాటిని తీసేసి కొత్తవి పేర్చాలి. కొత్తవి చాలినన్ని లేవు. తెప్పించాలంటే గంట పడుతుంది, వెలుతురు పోతుంది. నలిగినవాటినే చేత్తో పైకి లాగి, మీద పరుపు సర్ది, "రెడీ" అన్నారు. పైనుంచి చూస్తే పరుపే కనబడుతుంది, కింద ఏముందో కనబడదు. కానీ నాకు తెలుసు. పదిహేనేళ్ల అనుభవం ఉంది. "పెట్టెలు మార్చండి" అని ఒక్క మాట అనలేదు. అంటే రేపు పిలవరని భయం. దూకాను. ఇందాకటి భాగహారంలో కింది అంకె నాలుగు కాదు, ఒకటి కూడా లేదు. ఎడమ మోకాలు, నడుము దగ్గర వెన్నెముక.

ఆస్పత్రి ఖర్చు మూడు వారాలు వాళ్లే కట్టారు. తర్వాత ఫోను ఎత్తలేదు. తోటి ఫైటర్లు తలా ఒక రోజు కూలీ వేసుకుని పంపించారు, అందులో ఇద్దరు నాకు ముఖ పరిచయం కూడా లేనివాళ్లు. అంతకు ముందు ఒకసారి ఇన్సూరెన్సు ఏజెంటు మా ఇంటికి వచ్చి, ఏం పని చేస్తారని అడిగి, చెప్పగానే టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఊరికి తిరిగి వచ్చాం. మా ఆవిడ బీడీలు చుట్టి రెండేళ్లు ఇల్లు నడిపింది. నేను నిలబడగలిగాక సైకిల్ షాపు పెట్టాను. కూతురు ప్లస్ టూ పాసయ్యేసరికి చేతిలో ఏమీ లేదు. ఈ ట్రస్టు వారు మూడేళ్లు ఆమెకు బి.కాం.కి సాయం చేశారు. ఇదే హాల్లో, అదిగో ఆ మూల కుర్చీలో కూర్చుని ఆ చెక్కు తీసుకున్నాం. ఇప్పుడు ఆమె బ్యాంకులో పనిచేస్తోంది. కాబట్టి నేను ఈ వేదిక ఎక్కడం అంటే అప్పు తీర్చుకోవడానికి వచ్చినట్టు.

కాలం మారలేదా అంటే, కొంత మారింది. ఇప్పుడు రోప్‌లు, హార్నెస్‌లు, గాలి పరుపులు వచ్చాయి. 2017లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో మొదటిసారి ఫైట్లకు కూడా అవార్డు పెట్టారు, 'పులిమురుగన్' అనే మలయాళ సినిమాకు పీటర్ హెయిన్ అందుకున్నారు. తర్వాత తెలుగులో 'ఆర్.ఆర్.ఆర్.'కి కింగ్ సాలమన్, 'హనుమాన్'కి నందు, పృథ్వీ అందుకున్నారు. ఆస్కార్ వాళ్లు కూడా 2027లో వచ్చే సినిమాల నుంచి స్టంట్లకు అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఆ ప్రకటనతో పెట్టిన బొమ్మల్లో మన ఆర్.ఆర్.ఆర్. కూడా ఉంది. రత్నం గారి తరానికి ఇవేవీ లేవు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి రిజర్వాయర్‌లో ఒక కన్నడ సినిమా కోసం ఇద్దరు హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకి మునిగిపోయారు. లైఫ్ జాకెట్లు లేవు. 2022 డిసెంబరులో, 2024 జూలైలో చెన్నైలోనూ చుట్టుపక్కలా ఎత్తు నుంచి పడి ఒక్కొక్కరు పోయారు. 2025 జూలైలో నాగపట్నం జిల్లాలో కారు స్టంటు చేస్తూ ఎంతో అనుభవం ఉన్న మనిషి పోయాడు. ఆ తర్వాత హిందీ నటుడు అక్షయ్ కుమార్ సుమారు 650 మంది స్టంట్ కళాకారులకు బీమా ఏర్పాటు చేశారని పత్రికల్లో చదివాను. మంచి పని. కానీ ఒక నటుడి దయ మీద కాకుండా, షూటింగు మొదలయ్యే ముందే ప్రతి నిర్మాత కట్టి తీరాల్సిన డబ్బు అది అని నా అభిప్రాయం.

ఇప్పుడు కార్యదర్శి గారు నన్ను ఎందుకు పిలిచారో చెప్తాను. పోయిన నెల మన ట్రస్టు స్కాలర్‌షిప్ లిస్టులో ఉన్న ఒక అబ్బాయి తండ్రి నా షాపుకు వచ్చాడు. ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పను. "అన్నా, మావోడు ప్లస్ టూ ఆపేసి చెన్నైకి పోయి స్టంటు నేర్చుకుంటానంటాడు. నీ కాలు చూపించి నాలుగు మాటలు బెదిరించన్నా" అన్నాడు. నా కాలు ఒకరికి దయ్యం బొమ్మలా పనికొస్తుందని అనుకోలేదు. సరే, పంపించమన్నాను.

అబ్బాయి వచ్చాడు. నేను బెదిరించలేదు. నేను పారిపోయిన వయసుకు వాడు కనీసం ఇంట్లో చెప్పి అడుగుతున్నాడు. ఇందాక మీకు చెప్పిన లెక్కే వాడికి కాగితం మీద వేసి చూపించాను. "ఫిజిక్సులో ఇది ఉంది మామా" అన్నాడు. "ఉంది కదా, నాకు తెలియక దూకాను. నీకు తెలిసి దూకు" అన్నాను. రెండు షరతులు పెట్టాను. ఒకటి, ప్లస్ టూ పూర్తి చేసి, ఏదో ఒక డిగ్రీలో చేరాలి. ఫైటరుకు ముప్పై అయిదు దాటితే ఒళ్లు సహకరించదు, ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఏదో చేసి బతకాలి. రెండోది, ఎవరి దగ్గరైనా సరే దూకే ముందు పరుపు ఎత్తి కింద పెట్టెలు చూడాలి. చూడనివ్వకపోతే దిగి వచ్చేయాలి, పని పోయినా సరే. "పని పోతే?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. "నా షాపులో పంక్చర్లు వేద్దువు గానీ రా" అన్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆ తండ్రికి కోపం వచ్చింది, నేను వాడి వైపు మాట్లాడానని. నిజానికి నాకూ భయమే. నా మనవడు అడిగితే ఇంత తీరిగ్గా మాట్లాడతానో లేదో తెలియదు. కానీ నాకు ఆనాడు ఈ రెండు షరతులు పెట్టేవాళ్లు ఎవరూ లేరు. మా నాయన అడిగి ఉంటే కొట్టేవాడు, అందుకే అడగలేదు.

గత నాలుగు ఆదివారాలుగా ఆ అబ్బాయి పొద్దున ఆరింటికి హైస్కూలు గ్రౌండుకి వస్తున్నాడు. ఇంకా వెల్లకిలా పడటం దగ్గరే ఉన్నాం. గడ్డం ఛాతీకి ఆనించమంటే మరిచిపోతున్నాడు. మార్చిలో పరీక్షలు కాబట్టి ఫిబ్రవరి నుంచి రావద్దని చెప్పాను. ఇప్పుడు పేర్లు పిలిచేటప్పుడు ఎవరైనా మెడ పట్టేసినట్టు పక్కకు తిరిగి చెక్కు తీసుకుంటే, వాడే అనుకోండి.